మ్యూనిక్‌లో తొలి నెలలు: ఏ పని ముందు, ఏ పని వెనక

ప్రశ్న: అందరికీ నమస్కారం. బ్లూ కార్డ్ (ఉన్నత చదువున్న విదేశీ ఉద్యోగులకు జర్మనీ ఇచ్చే నివాస అనుమతి) ఉద్యోగం మీద హైదరాబాద్ నుంచి ఇటీవలే మ్యూనిక్ వచ్చాను. నా భార్య, రెండేళ్ల పాప మరో మూడు నెలల్లో వస్తారు. ఆఫీసు పని పోను రోజుకు గంట కూడా మిగలడం లేదు. ఇంటి వేట, బ్యాంకు ఖాతా, వీసా కాగితాలు, జర్మన్ తరగతులు, డ్రైవింగ్ లైసెన్సు, వీటిలో దేన్ని ముందు పట్టుకోవాలో పెద్దలు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు: నమస్కారమండీ. మీరు రాసినవన్నీ అవసరమైన పనులే కాబట్టి, వీటిలో ఏది ముఖ్యమని ఆలోచిస్తూ కూర్చుంటే ఎంతకీ తేలదు. ఏ పని ఆగితే మిగిలినవి కూడా ఆగిపోతాయో, దేనికి గడువు ఉందో చూసుకుంటే వరుస దానంతటదే కుదురుతుంది.

ఆ లెక్కన మొదటిది ఆన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు. ఇంట్లో దిగిన 2 వారాల్లోగా దీన్ని చేయించుకోవాలి, అందుకు ఇల్లు ఇచ్చినవారు సంతకం చేసిన ధ్రువపత్రం ఉండాలి. తాత్కాలికంగా దిగే గదుల్లో చాలాచోట్ల ఆ పత్రం ఇవ్వరు కనుక, అద్దె ఎంతని అడగడానికి ముందే పత్రం ఇస్తారా అని అడగండి. నమోదు అయ్యాక 11 అంకెల పన్ను గుర్తింపు సంఖ్య పోస్టులో వస్తుంది. అది జీతాల విభాగానికి సకాలంలో అందకపోతే పన్ను ఎక్కువగా కోసే అవకాశం ఉంది. ఆ సొమ్మును తర్వాత రాబట్టుకోవచ్చు గానీ, అడ్వాన్సులకూ సామాన్లకూ డబ్బు నీళ్లలా ఖర్చయ్యే నెలల్లోనే ఆ కోత పడుతుంది.

ఇక్కడ ఒక చిన్న పని ఉంది, దాన్ని వాయిదా వేయకండి. కింద ఉన్న పోస్టు డబ్బా మీద మీ పేరు అతికించండి. ఫ్లాటు నంబరు చూసి ఉత్తరం వేసే అలవాటు ఇక్కడ లేదు, డబ్బా మీద పేరు లేకపోతే అది వెనక్కి వెళ్లిపోతుంది. మన ఇంటిపేర్లు ఎంత పొడుగైనా సరే, పాస్‌పోర్టులో ఉన్నట్టే పూర్తిగా రాయాలి.

రెండోది నివాస అనుమతి. పాస్‌పోర్టులోని వీసా గడువు తీరకముందే దరఖాస్తు పెట్టి, పెట్టినట్టు రుజువు దాచుకోండి. అలా పెట్టినవారు నిర్ణయం వచ్చేదాకా చట్టబద్ధంగానే ఉన్నట్టు లెక్క.

ఇంటి వేటకు గడువు లేకపోయినా మ్యూనిక్‌లో అది నెలల తరబడి సాగే పని. ఉద్యోగ ఒప్పందం, జీతం రసీదులు, పాస్‌పోర్టు నకలు, జర్మన్‌లో చిన్న పరిచయ లేఖ, అన్నీ కలిపి ఒకే ఫైలుగా పెట్టుకుంటే, కొత్త ప్రకటన కనబడగానే ట్రామ్‌లో కూర్చునే పంపేయవచ్చు.

లైసెన్సు పని వెంటనే మొదలుపెట్టమని కొందరు మిత్రులు అంటారు, నేను ఏకీభవించను. మన దేశపు లైసెన్సు ఇక్కడ స్థిరపడిన తర్వాత 6 నెలల వరకే చెల్లుతుందన్నది నిజమే, ఆపైన రాత పరీక్షా, నడిపే పరీక్షా రెండూ రాయాలి. అయితే ఊ-బాన్, ఎస్-బాన్ రైళ్లు ఉన్న ఊళ్లో కారు లేక ఆగిపోయే పనేదీ మొదటి ఏడాదిలో ఉండదు.

జర్మన్ సంగతి వేరు. బ్లూ కార్డ్ ఉన్నవారికి శాశ్వత నివాసం ఏ1 స్థాయి (అన్నిటికన్నా తొలి మెట్టు) భాషతో 27 నెలలకు, బీ1 (మధ్యస్థాయి)తో 21 నెలలకు వస్తుంది. ఎవరూ గడువు పెట్టి తరమరు కాబట్టే ఈ పని ప్రతివారం వెనక్కి పోతుంది. ఆదివారం ఎలాగూ దుకాణాలు మూసే ఉంటాయి, సరుకులు శనివారమే తెచ్చేసుకుని ఆ పూటను భాషకు కేటాయించండి.

రెండో జవాబు: పై అన్నగారు చెప్పిన వరుస బాగుంది, ఒక్కటి మాత్రం చేర్చాలి. పాప వస్తున్నదన్నారు కదా, కీటా, అంటే పిల్లల సంరక్షణ కేంద్రంలో సీటు కోసం ఈ ఊళ్లో చాలాకాలం ఎదురుచూడాలి. మీవంతు పని ఒక సాయంత్రంలో అయిపోతుంది, మిగతాదంతా నిరీక్షణే. అందుకే నగరపు కీటా ఫైండర్ పోర్టల్‌లో నమోదుకు ఏమేం కావాలో ఈ వారమే చూడండి, మీరు వెతికే ఇంటికి దగ్గర్లోని కేంద్రాలకు ఈమెయిలు కూడా రాసి పెట్టండి.