క్రోన్: మూడు దేశాలది ఒకే నాణెమా?

గోదారిగట్టు: డెన్మార్క్, నార్వేల్లో క్రోనె, స్వీడన్‌లో క్రోనా. అర్థం ఒక్కటే, కిరీటం. 1873లో డెన్మార్క్, స్వీడన్ కలిసి ఒకే లెక్క పెట్టుకున్నాయి, 1875లో నార్వే చేరింది. కిలో మేలిమి బంగారానికి మూడు చోట్లా 2480 క్రోన్లే. పుట్టుకలో ఇవి ఒకటే అంటాను. కాదంటారా?

మాల్మో మామ: కాదంటాను. రూపాయి మనకీ ఉంది, నేపాల్‌కీ ఉంది. ఒకటేనా?

గోదారిగట్టు: నేను చెప్పేది పేరు కాదండీ, బంగారం లెక్క. అప్పట్లో ఒకరి నాణెం ఇంకొకరి దేశంలో చెల్లేది. 1914లో యుద్ధమొచ్చి నోటుకి బంగారం ఇవ్వడం ఆపేశాకే తెగింది.

మాల్మో మామ: చెల్లేదట! మొన్న కోపెన్‌హాగన్ నుంచి రైల్లో వంతెన దాటి స్వీడన్ వచ్చి, జేబులో మిగిలిన డేనిష్ అయిదు క్రోనెల బిళ్లలు కాఫీకి ఇచ్చా. కౌంటర్లో అమ్మాయి ఒకటి తీసి, నడిమి చిల్లులోంచి నన్ను చూసి నవ్వి, తిరిగిచ్చేసింది. స్వీడన్ బిళ్లకి చిల్లుండదు.

ఉప్పుచేప: చిల్లిగవ్వ ఉన్నా చెల్లలేదన్నమాట 😀

ప్రాగ్ పిల్లోడు: మా చెక్ కొరునా కూడా కిరీటమే. 1892లో ఆస్ట్రియా-హంగరీ తెచ్చిన క్రోన్ సంతతి. మీ 1873కీ దానికీ చుట్టరికం లేదు.

గోదారిగట్టు: చెక్ సంగతి ఇక్కడెవరడిగారు? మామగారూ, ఒక కాఫీ కోసం చరిత్రనే కొట్టేస్తారా?

మాల్మో మామ: కాఫీ కాదయ్యా! ఊళ్లో ఇంటి లోను కడుతున్నా. నాతో వచ్చినవాడు డెన్మార్క్‌లో చేరాడు. వాడి క్రోనెని యూరోకి 7.46 దగ్గర కట్టేశారు, హాయిగా ఉన్నాడు. నా క్రోనా దిగినప్పుడల్లా ఈఎంఐ టెన్షన్ నాకు. నీకేమో పేరు ఒకటేనని సంబరం!

గోదారిగట్టు: అలా చెప్పండి. మీ కోపం 2003లో స్వీడన్ ఓటేసి యూరో వద్దన్నందుకు.

మాల్మో మామ: అవును, అందుకే. తప్పా?

ఆస్లో అక్క: డెన్మార్క్ కూడా 2000లో వద్దనే అంది. కానీ ఆ 7.46 నిలబెట్టడానికి యూరో బ్యాంకు వడ్డీ మారిస్తే తనూ వెనకాలే మార్చుకోవాలి. సొంత నాణెం ఉండీ పగ్గం ఇంకొకరి చేతిలో. అదా మీరు కోరేది?

మాల్మో మామ: పగ్గం ఎవరి చేతిలో ఉంటే నాకేంటమ్మా, బండి కదలకుండా ఉంటే చాలు.

గోదారిగట్టు: అంతకంటే మళ్లీ మూడు దేశాలూ కలవడం మేలు కదా.

మాల్మో మామ: వద్దు బాబూ. నార్వే నాణెం చమురు ధరతో లేచి పడేది. ఆ ధర పడితే నా ఈఎంఐ పెరగాలా?

ఉప్పుచేప: మామా, ఆ చిల్లు బిళ్లలు ఇంకా ఉంటే నాకు పంపు. మావాడు నాణేలు పోగేస్తున్నాడు.