పాత ఎస్సెల్లార్ రైఫిల్ ఆగిపోతే: ముందు గ్యాస్ పెంచాలా, శుభ్రం చేయాలా?

రాజోలు మాజీ సైనికుడు:
ఇషాపూర్‌లో తయారైన 7.62 ఎస్సెల్లార్‌ను (పేలిన తూటా గ్యాస్‌తో తరువాతి తూటాను తానే ఎక్కించుకునే రైఫిల్) పన్నెండేళ్లు మోశాను. రెండో తూటా ఎక్కక ఆగిపోతే ఏం చూడాలని ఎన్‌సీసీలో ఉన్న మా మనవడు అడిగాడు. గ్యాస్ రెగ్యులేటర్, అంటే గ్యాస్‌ను గడి గడిగా తిప్పి సరిచేసే రింగు, చూడమన్నాను. దాని రంధ్రం తెరిస్తే గ్యాస్ బయటికి పోతుంది, మూస్తే రైఫిల్‌ను ఆడించే కడ్డీకి, అంటే పిస్టన్‌కు చేరుతుంది. పూర్తిగా తెరిచి మొదలుపెట్టి, కాలుస్తూ ఒక్కో గడి మూయాలి. ఆగకుండా ఆడిన చోటు దొరికాక మరో రెండు గడులు మూయాలి. ఆ రెండూ మసికోసం ఉంచే మిగులు.

పాలకొల్లు ఆర్మరర్:
హవల్దారు గారూ, ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌గా చెబుతున్నాను, ముందు శుభ్రం చేయాలి, తరువాతే గడులు. కాలువలో పూడిక తీయకుండా లాకుల దగ్గర తలుపు ఎంత ఎత్తినా చివరి ఆయకట్టుకు నీరు అందదు. మసి పట్టిన పిస్టన్‌కు గ్యాస్ పెంచితే రైఫిల్ ఆడుతుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. పైగా తూటాను ఎక్కించే బోల్ట్‌ను మోసే బోల్ట్ క్యారియర్ వెనక్కి గట్టిగా గుద్దుకుంటుంది, భుజం మీద దెబ్బ పెరుగుతుంది, భాగాలు త్వరగా అరుగుతాయి. పిస్టన్ పొడిగా ఉండాలి.

భీమవరం:
గ్యాస్ ప్లగ్ (గ్యాస్ గొట్టం ముందున్న మూత) రైఫిల్‌తో గ్రెనేడ్ కాల్చేటప్పటి వైపు తిరిగి ఉందేమో చూశారా? అలా ఉంటే పిస్టన్‌కు గ్యాసే అందదు. ప్రతి తూటాకూ చేత్తో లాగాలి.

రాజోలు మాజీ సైనికుడు:
పొడిగానా? అంతర్వేది ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు. నూనె లేని ఇనుము ఎన్నాళ్లు ఉంటుంది?

పాలకొల్లు ఆర్మరర్:
దాచేటప్పుడు పలుచగా రాయండి, కాల్చే ముందు తుడిచేయండి. నూనె వేడికి మాడి గట్టి మసి అవుతుంది.

కాకినాడ:
ఇన్సాస్ రైఫిల్‌లో పిస్టన్ బోల్ట్ క్యారియర్‌తో కలిసే వెనక్కి పోతుంది. ఎస్సెల్లార్‌లో పొట్టి పిస్టన్ ఒక్క తట్టు తట్టి, స్ప్రింగుతో తన చోటికి వచ్చేస్తుంది. రెండింటికీ ఒకే మాట చెప్పకండి.

రాజోలు మాజీ సైనికుడు:
ఇన్సాస్ మాట ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. ఆర్మరర్ గారూ, "శుభ్రం చేయలేదు" అనడం మీకు తేలిక. పరీక్ష ఫైరింగులో నా రైఫిల్ మూడుసార్లు ఆగింది. రెగ్యులేటర్ మీద చెయ్యి వేయబోతే ముట్టుకోవద్దన్నారు. ఆర్మరర్ వచ్చేసరికి నా వరస అయిపోయింది. కాగితం మీద "తుడవలేదు" అని రాశారు. నాయక్ హోదా పట్టీ రెండేళ్లు వెనక్కి పోయింది. ముందు రాత్రి చిందీ (తుడిచే గుడ్డ) తెల్లగా వచ్చేదాకా తుడిచాను నేను.

పాలకొల్లు ఆర్మరర్:
ఆ సంగతి నాకు తెలియదు, క్షమించండి. చిందీ తెల్లగా వచ్చిందంటే లోపం మసిది కాదు, ఆ రోజు మిమ్మల్ని ఒక గడి మూయనివ్వాల్సింది. కానీ నా వైపు కూడా చూడండి. ఎవరికి తోచినట్టు వాళ్లు తిప్పిన రైఫిళ్లు సాయంత్రానికి నా బల్ల మీదికి వచ్చేవి. ఏది ఏ గడిలో సరిగ్గా ఆడిందో ఎవరూ రాసేవారు కాదు. మర్నాడు అవి ఆగితే మాట నాకే వచ్చేది.

రాజోలు మాజీ సైనికుడు:
నా గడి నంబరు నాకు గుర్తుంది. ఎవరూ అడగలేదు.

పాలకొల్లు ఆర్మరర్:
నేనైతే అడిగేవాడిని. అయినా మీ మనవడికి ముందు తుడవడమే నేర్పండి.

రాజోలు మాజీ సైనికుడు:
రెండూ నేర్పుతాను. రెగ్యులేటరే ముందు.