పక్కాయన కొత్త బోరు వేస్తే మన బోరు ఎండింది. ఆపే హక్కు మనకుందా?

చీనీతోట:
మాది శ్రీ సత్యసాయి జిల్లా. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, 420 అడుగుల బోరు, రెండించుల నీళ్లు పోసేది, డ్రిప్పుకు సరిపోయేది. వేసవికి ముందు పక్కాయన మా గట్టుకు నలభై మీటర్ల దూరంలో 850 అడుగులు కొట్టించినాడు, అప్పట్నుంచి మా మోటారు అరగంట పోసి గాలి కొడుతోంది. అడిగితే "నా పొలం, నా ఇష్టం" అంటాడు. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం 250 మీటర్ల లోపల బోరు వేయకూడదంటారు కదా, కోర్టుకు పోతే స్టే వస్తుందా? చెట్లు కాపు మీదున్నాయి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ప్లీడరు_హిందూపురం:
అన్నా, ఆ 250 మీటర్ల మాట ఊరూరా వినిపిస్తుంది గానీ 2002 వాల్టా చట్టంలో అది ప్రజల తాగునీటి వనరు కోసం పెట్టింది. పంచాయతీ బోరుకు అంత దగ్గర్లో అనుమతి లేకుండా మోటారు బోరు వేస్తే తప్పు. మీ తోట బోరుకు ఆ రక్షణ లేదు. ఇక సొంత హక్కు అంటారా, 1882 నాటి ఈజ్‌మెంట్ల (పక్కవాళ్ల భూమి, దారి, నీళ్ల వాడకం హక్కుల) చట్టం 7వ సెక్షన్ కిందే ఉదాహరణగా రాసి ఉంది, నేల కింద ఒక గుర్తించదగిన దారి అంటూ లేకుండా ఊరే నీటిని తన హద్దుల్లో తోడుకునే హక్కు ప్రతి భూయజమానికీ ఉందని. ఇరవై ఏళ్లుగా వాడుకుంటున్నాం కాబట్టి హక్కు వచ్చిందనే వాదన కాలువ నీళ్లకు పనికొస్తుంది, ఇలా ఊరే నీటికి 17వ సెక్షనే అడ్డం. స్టే కోసం ఫీజులు పోసుకోవద్దు.

నీళ్ల_పిచ్చి:
ప్లీడరు గారు 1882 దగ్గరే ఆగిపోయారు. అప్పుడు సబ్‌మెర్సిబుల్ మోటార్లు ఉన్నాయా, 850 అడుగుల బోర్లు ఉన్నాయా? ఎద్దులతో కపిల తోలే కాలంలో రాసిన సూత్రం అది. 1996లో కమల్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు నదులు, అడవులు లాంటి ప్రకృతి వనరులు జనం తరఫున ప్రభుత్వం కాపలా కాయాల్సినవని చెప్పింది. 2003లో కేరళ ప్లాచిమడలో కోకాకోలా కేసు వచ్చినప్పుడు అక్కడి హైకోర్టు సింగిల్ జడ్జి భూగర్భ జలం కూడా అలాంటిదేనని, ఇష్టమొచ్చినట్టు తోడే హక్కు లేదని అన్నారు. "నా పొలం నా ఇష్టం" ఇంకా చెల్లుతుందంటే నేనొప్పుకోను.

ప్లీడరు_హిందూపురం:
సగం కథ చెప్పి ఆపేశారు. 2005లో అదే హైకోర్టు డివిజన్ బెంచి (ఇద్దరు జడ్జీలు) ఆ తీర్పును పక్కనపెట్టి, భూయజమానికి తన నేలలోని నీళ్ల మీద హక్కు ఉంటుందని కంపెనీకి అనుకూలంగా చెప్పింది. పైగా అది కంపెనీకీ పంచాయతీకీ మధ్య గొడవ. ఇక్కడ ఇద్దరు రైతులు, ఇద్దరికీ పంట కావాలి. జడ్జి ముందు పెద్ద మాటలు చెప్పి గెలిచేది కాదు ఇది. అయితే ఒక దారి వదలకండి. ఆయన అనుమతి తీసుకుని వేశాడా, మీ ఊరు నీళ్లు మితిమీరి తోడిన గ్రామంగా నోటిఫై అయిందా అన్నది తహసీల్దారు ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, లేదంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. నోటిఫై అయి ఉంటే కొత్త బోరుకు అనుమతే దొరకదు, అప్పుడు మీ చేతిలో ఏదో ఒకటి ఉన్నట్టు.

రాళ్లనేల:
కోర్టు సంగతి తర్వాత. అసలు పక్క బోరు వల్లే ఎండిందని ఎలా చెప్తున్నారు? మనది గ్రానైటు నేల. పైన మెత్తబడిన రాతి పొరలో కొన్ని నీళ్లు, కింద పగుళ్లలో కొన్ని, అంతే. ఆయన 850 అడుగుల్లో అందుకున్న పగులు మీ 420కి అసలు సంబంధం లేనిది కావచ్చు, లేదా రెంటికీ ఒకటే కావచ్చు, చూడకుండా ఎవరూ చెప్పలేరు. వానలు తక్కువైన ఏడు ఊరంతా మట్టం పడిపోతుంది, నేరం మాత్రం చివరగా బోరు వేసినవాడి మీద పడుతుంది.

రాత్రంతా రెండు మోటార్లూ ఆపండి. పొద్దున మీ బోరులో నీటి మట్టం కొలవండి. తర్వాత మీది ఆపి ఆయనది రెండు మూడు గంటలు నడపమనండి, పావుగంటకోసారి మీ మట్టం రాసుకోండి. ఆయన మోటారు నడిచినంతసేపూ మీది దిగి, ఆపాక మళ్లీ పైకొస్తే రెంటికీ లంకె ఉన్నట్టే. భూగర్భ జల శాఖ వాళ్ల ఎదుట చేయిస్తే ఇంకా బలం. ఆయన ఒప్పుకోకపోతే కరెంటు వచ్చే వేళలు చూసుకుని మీరే గమనించొచ్చు, కష్టమే గానీ కుదురుతుంది.

పాలమూరు_మెట్ట:
అందరూ చట్టం, రాయి అంటున్నరు, పంట గురించి ఎవరూ అడగరేంది? పక్కాయన ఏం పెట్టిండు? ఒక ఎకరం మీద ఒక్క అంగుళం నీళ్లు నిలబెడితేనే లక్ష లీటర్ల పైన. వరికి మొత్తం 1200 మిల్లీమీటర్లు పట్టిందనుకుంటే ఎకరానికి దాదాపు 48 లక్షల లీటర్లు. బోరు కింద వరి పెట్టి పక్కోని తోట ఎండబెట్టే హక్కు ఏ చట్టమిచ్చినా అది న్యాయం కాదు. మా దిక్కు 2018 నుంచి 24 గంటల ఉచిత కరెంటు. దానికి తోడు కరెంటు రాంగనే మోటారును దానంతట అదే నడిపే ఆటో స్టార్టర్లు, వాటిని తీసెయ్యాలని సర్కారే మొత్తుకుంది. మోటారు ఎప్పుడు ఆగాలో చెప్పేటోడే లేడు.

చీనీతోట:
వరే అన్నా, రెండెకరాలు. మాకు పగలు తొమ్మిది గంటలే కరెంటు, ఆ తొమ్మిది గంటలూ ఆయన మోటారు ఆగదు.

నీళ్ల_పిచ్చి:
అయితే ఆయన్ని వరి మాన్పించడమే మేలు. అనంతపురం వైపు కొన్ని ఊళ్లలో బోరున్న రైతులూ లేనివాళ్లూ కలిసి పైపులైను వేసుకుని, కొత్త బోర్లు వద్దని రాసుకుని పంచుకున్నారు. ఆయన 850 అడుగుల ఖర్చులో మీరు కొంత పెట్టుకుని రోజు విడిచి రోజు నీళ్లు తీసుకోవచ్చు. ఇంకో బోరు మీరు వెయ్యి అడుగులకు వేస్తే రేపు ఆయన పన్నెండొందలు కొట్టిస్తాడు, రిగ్గు ఓనరు బాగుపడతాడు.

ప్లీడరు_హిందూపురం:
ఈ మాటకు నేనూ ఒప్పుకుంటా. కానీ పెద్దమనుషుల ముందు నోటిమాటగా ఒప్పుకుని వదిలేయకండి. ఎన్ని గంటలు, ఏ రోజులు, మోటారు కాలితే ఎవరు ఎంత పెట్టాలి, అన్నీ సర్వే నంబర్లతో రాసి రిజిస్టర్ చేయించండి. లేకపోతే ఆయన పొలం అమ్మేసిన రోజు కొన్నవాడు నాకేం సంబంధం అంటాడు.

రాళ్లనేల:
ఖర్చు పెట్టే ముందు ఆ బోరు గంటకు ఎంత పోస్తుందో డ్రమ్ము పెట్టి కొలవండి, మోటారు వేయగానే కాదు, మూడు గంటలు నడిచాక. అప్పటికి సగానికి పడిపోతే అది ఇద్దరికీ చాలదు, ఒప్పందం రాసుకున్నా పంచుకోవడానికి ఏమీ ఉండదు.