కల్చర్ రిపోర్టులో అన్నీ 'ఆర్'లే, వాళ్ళబ్బాయికి ఏం చెప్పాలి?

గోదారిపిల్ల:
బీఎస్సీ నర్సింగ్ థర్డ్ ఇయర్. ఐసీయూ పోస్టింగ్ మొదలై పది రోజులైంది. నాకిచ్చిన బెడ్డులో షుగర్ ఉన్న పెద్దాయన. వెంటిలేటర్ నుంచి ఈమధ్యే బయటపడ్డారు, ట్రాకియాస్టమీ (ఊపిరి కోసం గొంతుకి రంధ్రం చేసి పెట్టిన ట్యూబు) ఉంది కాబట్టి మాట్లాడలేరు, ఏదన్నా కావాలంటే బెడ్ రెయిల్ మీద తడతారు. మొన్న సక్షన్‌తో లాగిన కఫం కల్చర్‌కి పంపితే, అంటే ఏ క్రిమి ఉంది, ఏ మందుకి లొంగుతుంది అని చూసే పరీక్షకి పంపితే, క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా వచ్చింది. మెరోపెనెమ్ లాంటి పెద్ద యాంటీబయాటిక్ దాకా అన్నిటికీ 'ఆర్' (రెసిస్టెంట్, అంటే లొంగదు), ఆఖరి అస్త్రంలా వాడే కొలిస్టిన్‌కి మాత్రం 'ఐ' (ఇంటర్మీడియట్, అంటే మధ్యస్థం). కాంటాక్ట్ ప్రికాషన్స్ బోర్డు, అంటే గౌను, గ్లవ్స్ వేసుకునే ముట్టుకోవాలని, పెట్టారు. అప్పట్నించీ ఆయన రెయిల్ తట్టినా ఎవరూ వెంటనే వెళ్ళట్లేదు, మళ్ళీ గౌను వేసుకోవాలి కదా అని పనులన్నీ ఒకేసారికి దాస్తున్నారు. నిన్న వాళ్ళబ్బాయి "నాన్నకేమన్నా అంటుజబ్బా అమ్మా, అందరూ ఆమడ దూరం నుంచే మాట్లాడుతున్నారు" అన్నాడు. మేడమ్‌ని అడగండి అని తప్పించుకున్నా. పైగా మా ఇంట్లో అక్క బాలింత, నేనే ఏదన్నా మోసుకెళ్తానేమో అని ఒకటే టెన్షన్.

నైట్‌డ్యూటీ అక్క:
చెల్లీ, రిపోర్టు సంగతి డాక్టరే చెప్పాలి, అక్కడ నువ్వు తప్పించుకోవడమే కరెక్టు. కానీ బోర్డు ఎందుకు పెట్టారో నువ్వు చెప్పొచ్చు. నేనైతే ఇలా అంటా: "నాన్నగారి గొంతులో ఉన్న బ్యాక్టీరియా మామూలు మందులకి లొంగట్లేదండీ. చేతుల మీద, వస్తువుల మీద పక్క బెడ్డుకి పోతుంది. గౌను అందుకే గానీ ఆయనంటే అసహ్యం వల్ల కాదు. మీరు ఆయన చెయ్యి పట్టుకోవచ్చు, సిస్టర్ చెప్పినట్టు ముందూ తర్వాతా చేతులు రుద్దుకోండి."

'ఐ' చూసి కంగారుపడకు. అమెరికా ప్రమాణాల్లో 2020 నుంచి కొలిస్టిన్‌కి 'ఎస్' (ససెప్టిబుల్, అంటే లొంగుతుంది) అనేదే తీసేశారు, 'ఐ' లేదా 'ఆర్' మాత్రమే. ఆ మందు కిడ్నీల మీద పడుతుంది కాబట్టి యూరిన్ అవుట్‌పుట్ గంటగంటకీ రాయి, తగ్గితే వెంటనే చెప్పు. ఆర్డర్ మిల్లీగ్రాముల్లో ఉందా, లక్షల యూనిట్లలో ఉందా అన్నది రెండుసార్లు చూడు, అనుమానం ఉంటే కలపకు. సక్షన్ చేసేటప్పుడు తుంపర్లు పడతాయి, మాస్కుతో పాటు కళ్ళకి షీల్డ్ కూడా పెట్టుకో.

చేతులు కడిగావా:
ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుని. నేను రౌండ్‌కి వెళ్తే గ్లవ్స్ వేసుకున్నారా అని కాదు, అవి తీశాక ఏం చేశారో చూస్తా. యూరిన్ బ్యాగ్ ఖాళీ చేసి, అవే గ్లవ్స్‌తో మానిటర్ అలారం ఆపి, కేస్ షీట్ రాసి, ఆఖరికి ఫోన్ కూడా ఎత్తేవాళ్ళని ఎంతమందిని చూశానో! దానికన్నా ఒట్టి చేతులే నయం, మురికైందని కనీసం కడుక్కుంటారు. శానిటైజర్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్ళూ అయితే 40 నుంచి 60. అయితే సి. డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే విరేచనాల కేసులో శానిటైజర్ పనిచేయదు, దాని స్పోర్లు (విత్తనాల్లాంటి గట్టి రూపాలు) చావవు, నీళ్ళతో కడగాల్సిందే.

బీపీ కఫ్, థర్మామీటర్, స్టెతస్కోప్ ఆ బెడ్డుకి విడిగా ఉండాలి. లేకపోతే ఇంచార్జ్‌ని అడుగు, మొహమాటపడకు. పేషెంట్ల వెంట ఉండే ఇంటివాళ్ళకి కూడా చెప్పాలి. మనవాళ్ళకి పక్క బెడ్డు పెద్దావిడని పక్కకి తిప్పడానికి ఓ చెయ్యి వేయడం అలవాటు కదా, మంచి మనసే, కానీ ఐసీయూలో అది వద్దు.

ఇంటి సంగతంటావా, డ్యూటీలో చేతులు సరిగ్గా కడుక్కుంటే ప్రమాదం చాలా తక్కువ. వెళ్ళగానే యూనిఫాం మార్చుకుని విడిగా ఉతుకు, ఫోనూ ఐడీ కార్డూ తుడువు, స్నానం చేసి బిడ్డని ఎత్తుకో.

మంచుదేశం సిస్టర్:
ఇంగ్లండ్‌లో పనిచేస్తున్నా. ఇక్కడ ఇలాంటి కేసుకి వీలైతే విడిగది ఇస్తారు. దాంతో అంతా సర్దుకుందనుకోకు, తలుపు మూశాక పేషెంట్ బెల్ కొడితే మేం ఏప్రన్ కట్టుకుని వెళ్ళేసరికి ఆయన ఇక విసుగొచ్చి ఊరుకుంటాడు. అందుకే నేను లోపల పనున్నా లేకపోయినా గంటకోసారి అద్దంలోంచైనా మొహం చూపిస్తా. అన్నట్టు, మెరోపెనెమ్ లాంటి మందుల్ని పనిచేయనివ్వకుండా బ్యాక్టీరియా తయారుచేసే ఎన్‌డీఎం అనే ఎంజైముకి ఢిల్లీ పేరుందని ఇక్కడ ఎవరో ఒకరు నావైపు చూసి నవ్వుతుంటారు. 2008లో స్వీడన్‌లో ఒక పేషెంటులో దొరికింది, అంతకుముందు ఢిల్లీలో వైద్యం చేయించుకున్నాడని ఆ పేరు పెట్టేశారు. సూక్ష్మజీవికి పాస్‌పోర్టెందుకో!

గోదారిపిల్ల:
అక్కా, ఇవాళ చెప్పాను. మీరు రాసినంత బాగా రాలేదు, తడబడ్డా. అయినా వాళ్ళబ్బాయి గౌను వేసుకుని లోపలికెళ్ళి గంటసేపు చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. పెద్దాయనకి ప్యాడూ పెన్నూ ఇస్తే ముందుగా రాసిన మాట "గడ్డం". గీయమని! ట్రాకియాస్టమీ ఉండగా నేను గీయొచ్చా?

నైట్‌డ్యూటీ అక్క:
రక్తం పల్చబడే మందులున్నాయేమో చూసి, ఇంచార్జ్‌కి చెప్పి చెయ్యి. ట్యూబు దగ్గర వెంట్రుకలు, నురగ పోకుండా చుట్టూ గాజ్ గుడ్డ పెట్టు, గాలి మాత్రం ఆడాలి. రేజర్ ఆయనకొక్కరికే, అయిపోయాక తెల్ల షార్ప్స్ డబ్బాలో వెయ్యి. మీసం జోలికి మాత్రం అడక్కుండా పోకు.