డెర్మా సీటు: దూరంలో ఎండీనా, హైదరాబాద్‌లో డీఎన్‌బీనా? చదివినవాళ్లు చెప్పండి

నిద్రలేని_ఇంటర్న్:
అన్నలకు, అక్కలకు నమస్తే. నీట్ పీజీ ర్యాంకు వచ్చింది. ఎంతో ఇక్కడ చెప్పను, దిష్టి తగులుతుంది. డెర్మా (చర్మవ్యాధుల) సీటు అంచులో ఉన్నాను అనుకోండి. ఆల్ ఇండియా కోటాలో వేరే రాష్ట్రంలో గవర్నమెంట్ కాలేజీ ఎండీ రావచ్చు, లేదా ఇక్కడే కార్పొరేట్ ఆసుపత్రిలో డీఎన్‌బీ (ఎండీకి సమానమైన పీజీ). ఆప్షన్ల లిస్టులో ఏది పైన పెట్టాలో తేలడం లేదు. ఇంట్లో మాత్రం అందరిదీ ఒకటే పాట: "నైట్ డ్యూటీలుండవు, ఎమర్జెన్సీలుండవు, హాయైన బ్రాంచి." నిజమేనా?

వార్డు_అక్క:
ఎమర్జెన్సీలుండవు అన్న చోట నవ్వొచ్చింది తమ్ముడూ. నేను గవర్నమెంట్ కాలేజీలో ఎండీ చేశాను. చేరిన రెండో వారంలో ఫిట్స్ మాత్ర పడక ఒళ్లంతా తోలు ఊడిపోయిన ఒకామెను తీసుకొచ్చారు. టెన్ కేసు, అంటే మందు పడక చర్మం ఊడిపోయే ప్రాణాంతకమైన జబ్బు. దుప్పటి వేస్తే ఒంటికి అంటుకుపోతోంది. అందుకని మంచం మీద లేత అరటాకులు పరిచాం. రోజూ ఆకులు తేవడం ఫస్టియర్ పీజీ పని. పొద్దున్నే మార్కెట్‌కెళ్లి బేరమాడుతుంటే అమ్మేవాడు "ఎంతమందికమ్మా భోజనాలు?" అన్నాడు. ఏం చెప్తాను! రాత్రిళ్లు సెలైన్ లెక్కలు, యూరిన్ లెక్కలు, కళ్లలో చుక్కలు. 20 రోజులకి ఆమె నడిచి ఇంటికెళ్లింది. హాయైన బ్రాంచి అంటే ఇదీ.

ఇంకోటి. డిగ్రీ పూర్తి పేరు ఎండీ డీవీఎల్: డెర్మటాలజీ (చర్మం), వెనీరియాలజీ (సుఖవ్యాధులు), లెప్రసీ (కుష్ఠు). అందరూ 'డి' కోసం చేరతారు. తీరా చేరాక సుఖవ్యాధుల క్లినిక్కూ, కుష్ఠూ కూడా అంతే గట్టిగా నేర్చుకోవాలి. కుష్ఠు క్రిముల కోసం చేసే స్లిట్ స్కిన్ స్మియర్ అనే పరీక్ష ఒకటుంది. చెవితమ్మెను రెండు వేళ్ల మధ్య తెల్లబడేదాకా నొక్కిపట్టి, 15వ నంబరు బ్లేడుతో 5 మిల్లీమీటర్ల గాటు పెట్టి, బ్లేడు అడ్డంగా తిప్పి గీకాలి. వేలి పట్టు కాస్త వదులైతే నెత్తురొచ్చి స్లైడు పాడవుతుంది. నా మొదటి ఆరు స్లైడ్లూ ఎర్రగానే వచ్చాయి. ఏడో పెద్దాయన "మెల్లగా కానీ తల్లీ, నాకేం తొందర లేదు" అన్నాడు. ఆ స్లైడు బాగా వచ్చింది.

2005లో దేశం మొత్తం మీద కేసులు పదివేలకి ఒకటి కంటే తగ్గాయని, కుష్ఠు ఇక ప్రజారోగ్య సమస్య కాదని ప్రకటించారు కదా. ఓపీలో కూర్చుంటే అది పోలేదని తెలుస్తుంది.

డీఎన్‌బీ_బాబు:
అక్క చెప్పిందాంట్లో తప్పు లేదు కానీ రెండో వైపు కూడా విను. నేను కార్పొరేట్‌లో డీఎన్‌బీ చేశాను. లేజర్లు, డెర్మాస్కోపీ, మొటిమల మచ్చల ప్రొసీజర్లు దగ్గరుండి చూశాను. వారానికోసారి హిస్టోపాథాలజీ (చర్మం ముక్కను మైక్రోస్కోపులో చూసే) క్లాసు మా మేడమ్ ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు. అయితే పేషెంటు డబ్బు కట్టి వచ్చేది కన్సల్టెంట్ కోసం. మొదటి ఏడాదంతా వెనక స్టూలు మీద కూర్చుని చూడటమే ఎక్కువ, చేత్తో చేసింది తక్కువ.

డిగ్రీ విలువలో తేడా లేదు. పరీక్ష దగ్గరే టెన్షన్. ప్రాక్టికల్స్‌కి తెలియని ఆసుపత్రి, తెలియని ఎగ్జామినర్లు. నాకు లాంగ్ కేసు (పూర్తిగా పరీక్షించి చెప్పాల్సిన పేషెంటు) ఏం పడిందో చెప్పు? కుష్ఠే. మోచేతి దగ్గర అల్నార్ నరం లావెక్కిందా లేదా వేళ్లతో చూసి చెప్పాలి. అంతకు ముందు నేను చూసిన కేసులు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జిల్లా ఆసుపత్రిలో 3 నెలల డీఆర్‌పీ (డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ) పోస్టింగే నన్ను కాపాడింది. అక్కడ కూడా కుష్ఠు కంటే తామరే ఎక్కువనుకో. మెడికల్ షాపులో స్టిరాయిడ్ కలిపిన ట్యూబు కొని రుద్ది రుద్ది, తామర తామరలా కూడా లేకుండా చేసుకుని వచ్చేవాళ్లు. ఇంటిల్లిపాదికీ అదే ట్యూబు.

పాత_డిప్లొమా:
నాది డీడీవీఎల్, అంటే ఇదే సబ్జెక్టులో డిప్లొమా, రెండేళ్ల కోర్సు. మా రోజుల్లో పెంఫిగస్ (ఒంటి మీద బొబ్బలొచ్చే జబ్బు) పేషెంట్లకి 28 రోజులకోసారి, వరసగా 3 రోజులు డెక్సా పల్స్ (పెద్ద డోసు స్టిరాయిడ్) పెట్టేవాళ్లం. ఢిల్లీ ఎయిమ్స్‌లో పస్రిచా గారు మొదలుపెట్టిన పద్ధతి. ఇప్పుడు రిటుక్సిమాబ్ అనే మందు వచ్చి అది తగ్గింది. బాబూ, కాలేజీ పేరు చూసి మోసపోవద్దు. అక్కడి పీజీకి ఫోన్ చేసి మూడే అడుగు. డెర్మాకి సొంత బెడ్లున్నాయా? స్మియర్ పీజీలే చేస్తారా, టెక్నీషియనా? బయాప్సీ స్లైడు మీరు చూస్తారా, రిపోర్టు మాత్రమే వస్తుందా? నీళ్లు నమిలితే ఆ ఆప్షన్ కిందికి దించెయ్.

మేనేజ్‌మెంట్_కోటా:
ప్రైవేటు సీటు వైపు చూసేవాళ్లు స్టైపెండ్ గురించి కూడా అడగండి. మా కాలేజీలో నెలనెలా ఖాతాలో వేసేవాళ్లు, మూడో రోజు ఏదో ఫీజు పేరు చెప్పి నగదుగా వెనక్కి కట్టించుకునేవాళ్లు. పాస్‌బుక్ చూసి మా నాన్న ఎంత మురిసిపోయాడో!

డాలస్_మరిది:
అమెరికా ఆలోచన ఉన్నవాళ్లకి ఒక్క మాట. ఇక్కడ ఏడాది ఇంటర్న్‌షిప్, తర్వాత 3 ఏళ్లు డెర్మా. ఇండియాలో ఎండీ ఉన్నా రెసిడెన్సీ మళ్లీ మొదలు పెట్టాల్సిందే. 2022 జనవరి నుంచి ఇక్కడి లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1కి మార్కులు లేవు, పాస్ లేదా ఫెయిల్. దాంతో రీసెర్చి, రికమెండేషన్ లెటర్ల మీద బరువు పెరిగింది. మా వదిన రెండేళ్లుగా ల్యాబులోనే ఉంది, ఇంకా మ్యాచ్ కాలేదు, అంటే రెసిడెన్సీ సీటు రాలేదు.

నిద్రలేని_ఇంటర్న్:
అందరికీ థాంక్స్. ఒక్క డౌట్. కౌన్సెలింగ్ మొదటి రౌండులో డీఎన్‌బీ వస్తే చేరి, రెండో రౌండులో ఎండీకి ప్రయత్నించవచ్చా?

వార్డు_అక్క:
చేరేటప్పుడే అప్‌గ్రేడ్‌కి ఒప్పుకోవాలి. రెండో రౌండులో వేరే సీటు వచ్చిందా, పాతది ఆటోమేటిగ్గా పోతుంది. మళ్లీ అదే కావాలంటే కుదరదు. కాబట్టి నిజంగా వెళ్లాలనుకున్నవే పైన పెట్టు, ఏదో ఒకటిలే అని పెట్టకు.

నిద్రలేని_ఇంటర్న్:
నాలుగు చోట్లకి ఫోన్ చేశాను. ఇద్దరు ఫోనెత్తలేదు. ఒకాయన బెడ్ల మాటెత్తగానే డ్యూటీలో ఉన్నానని పెట్టేశాడు. నాలుగో ఆవిడ మాత్రం స్మియర్ల గురించి అరగంట మాట్లాడింది. ఆ ఎండీనే పైన పెట్టి లాక్ చేశాను, రైల్లో 22 గంటలు. ఇంట్లో అరటాకుల సంగతి చెప్తే మా అమ్మ "పెరట్లో రెండు చెట్లున్నాయి కదా, వెళ్లేటప్పుడు ఓ పిలక పట్టుకెళ్లు" అంది.