పాత ఇత్తడి పంపు స్టవ్వును దాని రూపం చెడకుండా బాగుచేయడం ఎలా?

మా అమ్మమ్మగారి ఇంటి అటక మీద నుంచి దించిన, స్వీడన్‌లో తయారైన ప్రైమస్ కిరసనాయిలు స్టవ్వును మళ్లీ వెలిగించాలనుకుంటున్నాను. తెలిసినవారి సలహా కావాలి.

1892లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ రూపొందించిన ఈ రకం స్టవ్వుకు వత్తి ఉండదు. పంపు కొట్టినకొద్దీ ట్యాంకులోని కిరసనాయిలు పైకెక్కి, ముందుగా స్పిరిటు మంటతో వేడెక్కిన బర్నరులో ఆవిరై, సన్నని రంధ్రం గుండా చిమ్ముతూ గాలితో కలిసి నీలి మంటగా మండుతుంది. ట్యాంకులోని గాలిని వదిలే మర విప్పితే మంట ఆరిపోతుంది. అనవసరమైన భాగం ఒక్కటీ లేకపోవడమే దీని అందమని నా అభిప్రాయం.

ఏళ్ల తరబడి చింతపండుతో తోమడం వల్ల ట్యాంకు మీది అచ్చు అక్షరాలు సగం అరిగిపోయాయి. 1911 నుంచి తయారీ సంవత్సరాన్ని సూచిస్తూ ముద్రించిన అక్షరం కూడా అడుగున మసకగా ఉంది. దాన్ని రుద్దకుండా చదివే మార్గం ఏదైనా ఉందా? పంపు కడ్డీ చివర తోలు వాషరు ఎండి బిరుసెక్కింది. దాన్ని నూనెలో నానబెడితే చాలా, లేక కొత్త తోలు కత్తిరించుకోవాలా?

అన్నిటికంటే ముఖ్యమైన సందేహం మరొకటి ఉంది. ఒక కాలు మొదట్లో, ట్యాంకుకు ఆనుకొని, ఎవరో ఎప్పుడో వేసిన మాటు కనిపిస్తోంది. అలాంటి ట్యాంకులో గాలి ఒత్తిడి పెంచడం క్షేమమేనా, ముందుగా నీటితో పరీక్షించే పద్ధతి ఏమైనా ఉందా? హైదరాబాదు, విజయవాడ పరిసరాల్లో ఇప్పటికీ పంపు స్టవ్వులు బాగుచేసే పనివారు ఎక్కడ దొరుకుతారో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.