అప్‌డేట్: గ్యాస్ వదిలినప్పుడు ఏసీలు ఆపాలా?

రాయగడలో మా సర్వర్ రూమ్‌లో మంటలార్పే ఎఫ్ఎం-200 గ్యాస్ విడుదలైతే ఏసీలు ఆపాలా అని మొన్న అడిగాను కదా, తేలింది. గదిలోని గాలినే తిప్పే ఏసీలు నడవొచ్చు. గ్యాస్ బాగా కలుస్తుంది, సర్వర్లూ వేడెక్కవు. బయటి గాలి తెచ్చే ఫ్యాన్, ఎగ్జాస్ట్ మాత్రం ఆగి డ్యాంపర్లు (గాలి గొట్టాల్లోని మూతలు) మూసుకోవాలి.

అసలు తంటా వేరే ఉంది. గ్యాస్ 10 సెకన్లలో వచ్చేస్తుంది గానీ, సుమారు 10 నిమిషాలు గదిలో నిలవాలి. గాలికన్నా బరువు కాబట్టి కింది సందుల్లోంచే జారిపోతుంది. నిన్న అగరుబత్తి వెలిగించి (పొగకి గ్యాస్ విడుదల కాకుండా ఫైర్ అలారం ప్యానెల్ ఐసొలేట్ చేయించాకే లెండి) కేబుళ్లు దూరే కన్నం దగ్గర పెడితే, పొగ సర్రున పక్క గదిలోకి పోయింది! నాకు చెమటలు పట్టాయి. అది పూడ్చడానికి ఫైర్ సీలెంట్‌తో రేపు మేస్త్రీ వస్తున్నాడు.